స్వస్థలం గడిలో ఏం రాయాలి? హాయర్ గారి జీవితం రాసిన నా అనుభవం

గుంటూరులో మా పెద్దమామయ్య సభ్యుడుగా ఉన్న చర్చి వారు వార్షికోత్సవ సంచిక వేయదలచి, అందులో, అమెరికాలోని లూథరన్లు (ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) పంపగా పందొమ్మిదో శతాబ్దంలో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హాయర్ జీవితాన్ని రెండు పుటల్లో రాసి పంపమని నన్ను అడిగినప్పుడు, అది ఒక శని, ఆదివారాల పని అనుకున్నాను. నేను ఫిలడెల్ఫియాకు దగ్గరలో ఉంటాను. ఆయన జర్మనీ నుంచి వచ్చి దిగిన ఊరూ, చివరికి కన్ను మూసిన ఊరూ ఇదే కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. "అమ్మాయ్, నువ్వక్కడే ఉన్నావుగా, నాలుగు ముక్కలు రాసి పంపు" అన్నాడు మామయ్య. ఆ నాలుగు ముక్కలకు ఏడు నెలలు పట్టింది. వ్యాసంతో పాటు నింపి పంపమన్న పరిచయ పత్రంలో పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం, చదువు, మరణం అని ఐదు గడులుండగా, స్వస్థలమూ చదువూ అనే రెండు గడులే ఆ నెలల్లో చాలా భాగం తినేశాయి.

ముందు పేరుతోనే చిక్కు వచ్చింది. మా వైపు ఆ ఇంటిపేరును ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతారు. జర్మన్ ఉచ్చారణకు దగ్గరగా రాస్తే అది హాయర్. పుట్టినప్పుడు పెట్టిన పేరు యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ కాగా, అమెరికా కాగితాల్లో అది జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ అయింది. ఊరి పేరు అంతకంటె ఇబ్బంది పెట్టింది. పాత ఇంగ్లీషు రాతల్లో గుంటూరును 'టి' తరువాత 'యు' కాక రెండు 'ఓ'లు పెట్టి రాసేవారు. పైగా 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపి, మళ్ళీ 1904లో గానీ విడదీయలేదు. గుంటూరులో పుట్టి పెరిగిన నాకే ఈ సంగతి తెలియక, ఇప్పటి స్పెల్లింగుతో, ఇప్పటి జిల్లా పేరుతో రెండు వారాలు పాత కాగితాల సూచికలు ఊరికే తిరగేశాను.

పుట్టిన తేదీ గడి మాత్రం తేలికగానే నిండింది: 1793 జూలై 10, హెల్మ్‌స్టెట్. అప్పుడా పట్టణం బ్రౌన్‌ష్వైగ్ డచీలో, అంటే ఒక డ్యూక్ ఏలుబడిలోని సంస్థానంలో, ఉండేది. నెపోలియన్ యుద్ధాలు జర్మనీని కుదిపేస్తున్న రోజుల్లో, 1807లో, ఇంకా 14 ఏళ్ళు నిండీ నిండని కుర్రవాణ్ణి తల్లిదండ్రులు ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి ఓడ ఎక్కించారు. ఆ మేనమామది తోళ్ళ వ్యాపారం. పిల్లవాడు అక్కడే పని నేర్చుకున్నాడు. ఊళ్ళో పరిస్థితులు బాగోకపోతే పిల్లవాణ్ణి మేనమామ ఇంటికి పంపడం మనకు తెలిసిన పద్ధతే కాబట్టి, ఆయన జీవితంలో ఈ ఒక్క ఘట్టం మామయ్యకు వివరించవలసిన అవసరమే రాలేదు. అదే ఏడాది నెపోలియన్ ఆ ప్రాంతాన్ని కొత్తగా ఏర్పరచిన వెస్ట్‌ఫేలియా రాజ్యంలో కలిపి తన తమ్ముడు జెరోమ్‌ను రాజును చేశాడు. అంటే కుర్రవాడు దేశం విడిచిన ఏడాదే ఆ దేశం పేరు కూడా పటం మీద మారిపోయింది.

ఏ ఓడలో వచ్చారో తేల్చుకోవాలని నాకు పట్టుదల పుట్టింది కానీ, ఆ దారి సాగలేదు. అమెరికా ప్రభుత్వం ఓడల వారీగా ప్రయాణికుల జాబితాలు తప్పనిసరి చేసింది 1820 నుంచి. అంతకు ముందు పెన్సిల్వేనియాలో 1727 నుంచి ఓడ దిగిన జర్మన్లతో విధేయతా ప్రమాణం చేయించి సంతకాలు తీసుకునే పద్ధతి ఉండేది. అయితే ఆ సంతకాలు 16 ఏళ్ళు దాటిన మగవారివి. 14 ఏళ్ళ పిల్లవాడి కోసం అలాంటి పుస్తకాల్లో వెదకడం తెలివైన పని కాదని ఆలస్యంగా అర్థమైంది.

తరువాత లూథరన్ సంఘాల పాత కాగితాలు భద్రపరిచే ఒక పత్రాగారానికి ఉత్తరం రాసి, ఏ పెట్టెలు కావాలో ముందే చెప్పి, ఒక బుధవారం సెలవు పెట్టి వెళ్ళాను. సంచీ, పెన్ను బయట పెట్టించి ఒక పెన్సిలు చేతికిచ్చారు. పుస్తకాన్ని మెత్తటి దిండు మీద ఆనించి, పుట మీద అరచెయ్యి పెట్టకుండా, అంచు పట్టుకుని తిప్పాలి. అసలు పరీక్ష లిపితో వచ్చింది. ఆ కాలపు జర్మన్ చేతిరాతను కురెంట్ అంటారు. అందులో 'ఇ' అచ్చం 'ఎన్' లాగే రెండు నిలువు గీతలతో ఉంటుంది. 'యు' కూడా అలాగే ఉంటుంది కాబట్టి, తేడా తెలియడానికి దాని నెత్తిన చిన్న వంకర గీత పెడతారు. అక్కడి ఉద్యోగిని అభ్యాసానికని ఒక చర్చి పుస్తకం నకలు ఇచ్చారు. అందులో ఒక మాట దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాను. ఒకే ఎత్తున దడి కట్టిన వెదురు బద్దల్లా తొమ్మిది గీతలు కనిపించాయే తప్ప అక్షరం విడిపడలేదు. మన గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజులు చూసి మా తాతయ్య కళ్ళజోడు తుడుచుకోవడం అప్పుడు గుర్తొచ్చింది.

చదువు గడి దగ్గర వచ్చిన చిక్కు మరో రకంది. హాయర్ గారు 1815లో జర్మనీకి వెళ్ళి గ్యోటింగెన్‌లో క్రైస్తవ వేదాంతశాస్త్రం చదివి తిరిగి వచ్చారు. 1820లో పాదరీగా అభిషేకం పొందారు. ఇంతవరకు పేచీ లేదు. గుంటూరులో మొదటి విడత పనిచేసి 1845లో అమెరికా వెళ్ళినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదివి, ఆ చదువుతో 1848లో మళ్ళీ గుంటూరు వచ్చారు. దీన్ని పట్టుకుని కొందరు ఆయన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా తీసుకున్నారని రాసేశారు. ఆ విశ్వవిద్యాలయం మొదలైంది 1876లో. హాయర్ గారు పోయింది 1873లో. ఊరు బాల్టిమోర్ అనగానే ఆ ఊళ్ళోని పెద్ద పేరు తగిలించి ఉంటారు. ఒకరు రాసింది మరొకరు ఎత్తిరాసుకోవడం మన సంచికలకే పరిమితం కాదని తెలిసి, నిజం చెప్పాలంటే, కొంచెం ఊరట కలిగింది.

ఇక స్వస్థలం. హెల్మ్‌స్టెట్ అని రాసి ముగించవచ్చు. కానీ ఆ మనిషి బతికిన తీరు చూస్తే చెయ్యి కదలలేదు. పెన్సిల్వేనియా కొండప్రాంతాల్లో గుర్రం మీద తిరుగుతూ సంఘాలు నిలబెట్టారు, పెళ్ళి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. 1839లో భార్య పోయాక, రెండేళ్ళకు, 48వ ఏట, బోస్టన్‌లో ఓడ ఎక్కారు. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన తొలి మిషనరీ ఆయనే. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరంతో 1842 జూలై 31న గుంటూరు చేరారు. నందన కరువు ఆ సీమను ఊడ్చిపెట్టి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. తెలుగు నేర్చుకున్నారు, బడులు పెట్టారు, రెండో విడతలో పల్నాటి గ్రామాల్లో తిరిగారు. 1857లో అమెరికా వెళ్ళి, విశ్రాంతి తీసుకోకుండా మిన్నెసోటాలో కొత్తగా వచ్చి స్థిరపడుతున్న జర్మన్ల మధ్య పనిచేసి, అక్కడి లూథరన్ సినడ్‌కు (సంఘాల పాలక సభకు) తొలి అధ్యక్షుడయ్యారు. ముసలితనంలో జర్మనీకి తిరిగి వెళ్ళినా అక్కడ ఉండిపోలేదు. రాజమండ్రి మిషన్‌ను వేరొక సంఘానికి అప్పగించేస్తారని విని, అమెరికా వచ్చి అలా కాకుండా వాదించి, 76 ఏళ్ళ వయసులో, 1869లో, తానే రాజమండ్రి బయలుదేరారు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ వయసు కాదు. పుట్టిన దేశంలో, తన భాష మాట్లాడే మనుషుల మధ్య ఉన్న మనిషి గోదావరి ఒడ్డు ఊరి కోసం లేచి రావడం నాకు కొరుకుడుపడలేదు. నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడుండి, గుంటూరు వెళ్ళినప్పుడల్లా పదో రోజుకే ఇక్కడి వంటిల్లు గుర్తు తెచ్చుకునే మనిషిని కనుక, ఆ గడి ముందు కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను.

అక్టోబరులో సమాధి చూడటానికి వెళ్ళాను. ఫిలడెల్ఫియాలో మరణించినా ఆయన్ను పూడ్చింది ఇక్కడ కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రానికి ఆ కొసన, సోమర్‌సెట్ కౌంటీలో, ఫ్రీడెన్స్ అనే చిన్న ఊళ్ళో. జర్మన్లో శాంతి అనే మాటనుంచి వచ్చిన పేరది. కారులో నాలుగు గంటలు పట్టింది. కొండ గాలి చెవులు కోస్తుండగా వెదికి పట్టుకున్నాను. ఆయన్ను భార్య పక్కనే పెట్టారు. ఆమె పోయిన 34 ఏళ్ళకు, రెండు సముద్రాలు ఎన్నిసార్లో దాటి, ఆ పక్కకే చేరారన్నమాట. పొన్నూరు రోడ్డులో కొని మామయ్య పంపిన చిన్న పూసల దండ రాతి మీద ఉంచి, ఫోటో తీసి పంపాను.

ఆ రాత్రే గడి నింపాను: జననం హెల్మ్‌స్టెట్, సమాధి ఫ్రీడెన్స్, పనిచేసిన ఊళ్ళు వ్యాసంలో చూడగలరు. చదువు గడిలో గ్యోటింగెన్, బాల్టిమోర్ అని మాత్రమే రాశాను. మూడు వారాల తరువాత ప్రూఫు వచ్చింది. స్వస్థలం: అమెరికా. చదువు: జాన్స్ హాప్కిన్స్. వెంటనే మామయ్యకు ఫోను చేస్తే ఆయన ప్రెస్సుకు పరుగెత్తాడు. సాయంత్రం ఆయనే చేశాడు: "చదువు దిద్దించానమ్మాయ్. స్వస్థలం ఉన్న పుట మాత్రం అప్పటికే అచ్చయిపోయింది."