స్టాండప్ (నిలబడి నడిపే) జెట్ స్కీకి కొత్త హల్ ఎంచుకునేటప్పుడు

గండికోట, అవుకు రిజర్వాయర్లలో సముద్రం మాదిరి అలలు లేవవు. జెట్ స్కీతో ఎగరడానికి దొరికేది ఇంకో బోటు వెనక లేచే అల ఒక్కటే. కాబట్టి సముద్రంలో తీసిన వీడియోలు చూసి హల్ (నీటి మీద తేలే డొల్ల, అంటే బండి ఒళ్లు) కొనకండి.

యమహా సూపర్‌జెట్ 701 (701 సీసీ ఇంజిన్ ఉన్న మోడల్) కంపెనీ హల్ పొడవు 2.24 మీటర్లు. గట్టిదే, కానీ బరువు. బయట దొరికే కార్బన్ (కార్బన్ నార), ఎపాక్సీ (కలిపాక గట్టిపడే రెసిన్) హల్స్ తేలిక. వాటిలో ఫ్రీస్టైల్ (విన్యాసాల) రకం పొట్టిగా, అడుగుభాగం వంపు ఎక్కువగా ఉంటుంది. ముక్కు ఇట్టే లేస్తుంది గానీ వేగం అందుకోగానే ఎగిరెగిరి పడుతుంది. దానికి పెద్ద ఇంజిన్ కావాలి. మామూలు 701 ఇంజిన్ ఉన్నవాళ్లకు కాస్త పొడుగ్గా, వంపు తక్కువగా ఉండే ఫ్రీరైడ్ హలే మేలు.

అసలు పని కొత్త హల్‌లో ఇంజిన్ బిగింపులో ఉంది. ఇంజిన్‌ను పంపు తిప్పే షాఫ్ట్‌కు (ఇరుసుకు) కలిపే ఇంజిన్ కప్లర్, షాఫ్ట్ కప్లర్ అంచుల మీద ఉక్కు స్కేలు ఆనించి చూడండి. పైన, పక్కన రెండుచోట్లా వెలుతురు కనబడకూడదు. తేడా ఉంటే ఇంజిన్ మౌంట్ల (ఇంజిన్ కూర్చునే దిమ్మల) కింద షిమ్ములు (పలచటి రేకు ముక్కలు) వేసి సరిచేయాలి. అలాగే వదిలేస్తే కప్లర్ మధ్య రబ్బరు నలిగి పొడిపొడి అవుతుంది, బేరింగ్ సీలు అరిగి లోపలికి నీళ్లొస్తాయి.

పగులు పూడ్చాలంటే ఎపాక్సీ మీద ఎపాక్సీయే వాడండి, పాలిస్టర్ రెసిన్ దానిమీద సరిగా పట్టదు. మన మే నెల ఎండలో రెసిన్ కొంచెం కొంచెంగా, వెడల్పాటి ట్రేలో కలపండి. లోతైన డబ్బాలో కలిపితే వేడెక్కి, బ్రష్ ముంచేలోపే గడ్డకడుతుంది. నల్లటి కార్బన్ హల్‌ను మాత్రం ఎండలో నిలపొద్దు, తెల్లటి కవరు కప్పండి.