2025 సెప్టెంబర్ నెల ముచ్చట్లు, దుబాయ్ లేబర్ క్యాంపు నుంచి

ఈ నెల మాకు అన్నిటికన్న పెద్ద మార్పు పగటి బ్రేకు అయిపోవుడు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30 నుంచి 3 గంటల వరకు బయట ఎండల పని చేపియ్యద్దని సర్కారు రూలు. మేం ఏసీ పనోళ్లం, సగం పని బిల్డింగుల మీద యూనిట్ల కాడనే ఉంటది, ఆ రెండున్నర గంటలతోనే పానం నిలవడ్తది. 16వ తారీఖు నుంచి మళ్ల మామూలు డ్యూటీ. ఎండాకాలం అయిపోయిందని కాయితం మీద ఉన్నది గని, ఆ యూనిట్ల రేకు మీద ఇంకా చెయ్యి పెట్టనిస్తలేదు, దానికి తోడు సముద్రం గాలి ఉక్కపోత, అంగి పిండితే నీళ్లు కారుతున్నయి. ఈ రూలును సెప్టెంబర్ ఆఖరు దాకా పెంచాలె, ఇది నేను గట్టిగ అంటున్న.

మా రూముల అందరం ఉత్తర తెలంగాణ దిక్కోళ్లమే, నాది కోరుట్ల దిక్కు, ఇంకా మెట్‌పల్లి, సిరిసిల్లోళ్లు, ఆర్మూర్ ఆయన ఒకలు, ఆయనను మేం కాక అని పిలుస్తం. వంట వంతులు. క్యాంపు కిచెన్ల పొయ్యి దొరకాలంటే రాత్రి లైన్ కట్టాలె, అలసిపోయి వచ్చి తొమ్మిదింటి దాకా నిలవడుడు ఎవ్వలతోని అయితలేదు, అందుకే ఈ నెల నుంచి డ్యూటీ రోజులల్ల పచ్చిపులుసు, ఉడకవెట్టిన గుడ్డు అని ఫిక్స్ చేసుకున్నం. పొద్దుగాల పోయేముందే చింతపండు నానేసి పోతం, వచ్చినంక పిసికి రసం తీసి, ఉల్లిగడ్డ సన్నగ కోసి, పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి ఉప్పేసి చేత్తోని నలిపితే అయిపాయె. కాక వంతు ఉన్నరోజు అండ్ల నువ్వుల పొడి ఏస్తడు, ఆ రోజు అన్నం ఇంకో గిన్నె ఎక్కువ వండాలె. హోటల్ పార్శిళ్లు బంద్ అయినయి, మెస్ ఖర్చు మస్తు తగ్గింది. కూర, చికెన్ అన్నీ ఆదివారమే.

బతుకమ్మ ఈసారి 21న ఎంగిలిపూలతోని షురువై 30న సద్దులతోని అయిపోయింది. ఇక్కడ వాట్సాప్‌ల కాల్ కలవది, బోటిమ్ అనే యాప్ మీద మాట్లాడాలె. ఊర్ల ఏడింటికి ఆడుడు మొదలువెడితే ఇక్కడ ఐదున్నర, మేం బస్సుల ఉంటం, నెట్ తెగుకుంట వస్తది. సద్దుల నాడు నా బిడ్డ గునుగు కట్టలు కొసలు సమానంగ కోసి రంగుల ముంచింది, వేళ్లకు అంటిన ఆకుపచ్చ రంగు కెమెరా ముంగట పెట్టి చూపెట్టింది, "బాపూ, తంగేడు పూలు ఈసారి చెరువు కాడ దొరకలే, మేనమామ బండి మీద పోయి తెచ్చిండు" అన్నది. చానా సంబురమైంది. ఒక్కటే బాధ, మా వాడకట్టుల డీజే పెట్టిర్రు, సినిమా పాటల సౌండుకు ఆడోళ్ల చప్పట్లు వినవడ్తలేవు, పాట ఎత్తే ముసలవ్వలు పక్కకు కూసున్నరు. వాళ్లకు వచ్చిన పాటలు నేర్సుకునేటోళ్లు వాడల ఎంతమంది ఉన్నరు? మైకు వాళ్ల చేతికే ఇయ్యాలె.

ఆసియా కప్ ఇక్కడనే అయింది కదా, 28న ఆదివారం ఫైనల్, టోర్నీల ఇండియా పాకిస్తాన్ తోని ఆడుడు అది మూడోసారి. టికెట్ రేట్లు మనకు అందయి, క్యాంపు హాల్ల టీవీల చూసినం. పక్కనే మా బస్సు డ్రైవర్, పెషావర్ ఆయన, ఆయన దోస్తులు. మనోళ్లు 147 కొట్టాలె, మొదట్లనే వికెట్లు పడ్డయి, అప్పుడు మన హైదరాబాద్ పోరగాడు తిలక్ వర్మ నిలవడి 69 నాటౌట్ చేసి గెలిపిచ్చిండు. అందరికి చాయ్ తెచ్చింది ఆ డ్రైవరే. ఫోన్ల మన న్యూస్ ఛానళ్లు పెట్టి చూస్తే ఒకటే లొల్లి, యుద్ధం అయినట్టు. తెల్లారి నాలుగింటికి ఆయన బస్సే ఎక్కి డ్యూటీకి పోయేటోళ్లం, మాకు ఆ లొల్లి ఎందుకు?

రాత్రి నిద్రవట్టే ముందు మాత్రం యూట్యూబ్‌ల మై విలేజ్ షో వీడియోలు పెడ్తం. అవి తీసే లంబాడిపల్లి మా జగిత్యాల జిల్లానే, అండ్ల గంగవ్వ మాట్లాడుతుంటె మా అవ్వ తిట్టినట్టే ఉంటది, కాక అయితే ఒక్కో వీడియో రెండుసార్లు చూస్తడు. వార్తల మీద నాకు కోపం ఏందంటే, గల్ఫోడు పేపర్ల రావాలంటే శవపెట్టెల రావాలె, లేకపోతే ఎడారిల ఏడ్చుకుంట వీడియో పెట్టాలె. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబానికి తెలంగాణ సర్కారు 5 లక్షలు ఇస్తున్నది, అది మంచిదే, ఆ ఇండ్లకు ఆసరా. బతికున్నోని గురించి కూడ రాయాలె కదా. ఏజెంటు వీసాకు ఎంత గుంజుతున్నడు, ఓటీ (ఓవర్‌టైమ్) పైసలు లెక్క ప్రకారం పడ్తున్నయా, ఇంటికి పోయినంక ఏం పని దొరుకుతది, వీటి మీద రోజూ వార్త రాయొచ్చు, ఊరికి నలుగురు చెప్పెటోళ్లు ఉన్నరు.

ఇక్కడి దిరామ్ ఈ నెల 24 రూపాయలైందని అందరు ఖుషీ అయితున్నరు, పంపేటోనికి మంచిగనే ఉన్నది గని బంగారం చూడుర్రి, ఇక్కడ 22 క్యారెట్ గ్రాము 400 దిరాములు దాటిపోయింది. ఇంటామెకు గాజులు తెస్త అన్న, ఇప్పుడైతే అయ్యేటట్టు లేదు. ఆమెనే "ముందుగాల బిడ్డకు కమ్మలు తీయి, గాజులకు తొందరేం లేదు" అన్నది. జీతం పడంగనే కమ్మలు తీసుకుంట, కాక డిసెంబర్ల ఇంటికి పోతున్నడు, ఆయన చేతికిచ్చి పంపాలె.