మౌస్‌ను పక్కన పెట్టిన మూడు వారాలు

మా గ్రంథాలయంలోని యాక్సెషన్ రిజిస్టరును, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య వేసి వివరాలు రాసుకునే పెద్ద దస్తావేజును, కంప్యూటరులోకి ఎక్కించే పని నాకు అప్పగించేనాటికి, ఎక్సెల్ అంటే గీతలు గీసి ఉన్న తెల్లకాగితం అని మాత్రమే నాకు తెలుసు. మొదటి రెండు నెలలూ దాన్ని అలాగే వాడాను. నెలవారీ లెక్క తేల్చవలసి వచ్చినప్పుడు పక్కన క్యాలిక్యులేటరు పెట్టుకుని కూడి, వచ్చిన మొత్తాన్ని చివరి గడిలో టైపు చేసేదాన్ని. ఒక పుస్తకం చేరితే మళ్ళీ మొదటినుంచి కూడేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది గానీ, ఆ రోజుల్లో అది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

మొదటి దెబ్బ సున్నాల దగ్గర తగిలింది. మా రిజిస్టరులో సంఖ్యలు 00417 అన్నట్టుగా అయిదంకెల్లో ఉంటాయి. నేను అలాగే టైపు చేసి ఎంటర్ నొక్కితే గడిలో 417 మాత్రమే మిగిలేది. పుస్తకాల వెనుక అట్ట మీద ఉండే ఐఎస్‌బిఎన్ సంఖ్యల సంగతి ఇంకా విచిత్రం. 2007 నుంచి వస్తున్న 13 అంకెల సంఖ్య ఏదైనా 9.78 అనో 9.79 అనో మొదలై, ఒక ఇంగ్లీషు అక్షరంతో, కూడిక గుర్తుతో, 12తో ముగిసేది. అంతకు ముందరి 10 అంకెల వాటిలో మొదట సున్నా ఉంటే అది ఎగిరిపోయేది. సభ్యత్వ కార్డుల మీది 16 అంకెల సంఖ్యల విషయంలో జరిగింది అన్నిటికంటే ప్రమాదకరం: ప్రతి సంఖ్యలోనూ చివరి అంకె సున్నాగా మారిపోయింది, ఆ మార్పు నేను గమనించడానికి పది రోజులు పట్టింది.

కారణం తెలిశాక అంతా తేటతెల్లమైంది. అంకెలు మాత్రమే ఉన్న దేన్నయినా ఎక్సెల్ ఒక పరిమాణంగా భావిస్తుంది. పరిమాణానికి ముందున్న సున్నాకు విలువ లేదు కనుక తీసేస్తుంది, 15 అంకెల వరకు మాత్రమే కచ్చితంగా గుర్తుంచుకుని మిగతా స్థానాల్లో సున్నాలు నింపుతుంది. కానీ ఐఎస్‌బిఎన్ పరిమాణం కాదు, అంకెల్లో రాసిన పేరు. ఎవరూ రెండు ఐఎస్‌బిఎన్‌లను కూడరు. అటువంటి వాటిని టైపు చేయడానికి ముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, కంట్రోల్‌తో 1 నొక్కి, వచ్చిన పెట్టెలో టెక్స్ట్ అనే రకాన్ని ఎన్నుకోవాలి. లేదా సంఖ్యకు ముందు ఒంటి కొటేషన్ గుర్తు (') పెట్టాలి. టైపు చేసిన తర్వాత రకం మార్చితే పోయిన అంకెలు తిరిగి రావు. నేను ఆ పని తర్వాతే చేశాను కనుక, కార్డు సంఖ్యలన్నిటినీ రెండోసారి టైపు చేయవలసి వచ్చింది.

తేదీల విషయంలో నేను చేసిన పొరపాటు పూర్తిగా నా తొందరపాటువల్ల జరిగింది. టుడే అనే ఫంక్షన్ రాస్తే ఆ రోజు తేదీ దానంతట అదే వస్తుందని ఎక్కడో చదివి, పుస్తకం ఇచ్చిన తేదీ కాలమ్‌లో ఉత్సాహంగా దాన్నే వాడాను. మర్నాడు ఫైలు తెరిచేసరికి, నిన్న ఇచ్చిన పుస్తకాలన్నీ ఈరోజే ఇచ్చినట్టు కనిపించాయి. ఆ ఫంక్షన్ ఎప్పటికప్పుడు నేటి తేదీని చూపిస్తుందే తప్ప రాసిన రోజును గుర్తుంచుకోదు. మారకుండా నిలిచిపోయే తేదీ కావాలంటే కంట్రోల్‌తో సెమికోలన్ మీట నొక్కాలి. నేను నిజంగా మనసుపెట్టి నేర్చుకున్న మొదటి షార్ట్‌కట్ ఇదే.

తేదీ అనేది లోపల వట్టి సంఖ్య అని తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇంకా పోలేదు. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టి ఎక్సెల్ రోజులను ఎంచుకుంటూ పోతుంది, ఆ లెక్కన 2000 జనవరి 1 అంటే 36,526. అందుకే ఒక తేదీలోంచి మరో తేదీని తీసివేస్తే, పుస్తకం ఎన్ని రోజులు ఆలస్యమైందో సూటిగా వచ్చేస్తుంది. (ఈ లెక్కలో ఒక చిన్న అబద్ధం కూడా ఉంది: 1900 లీపు సంవత్సరం కాకపోయినా, ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29ని లెక్కలో వేసుకుంటుంది. అంతకు ముందు ప్రాచుర్యంలో ఉన్న ఇలాంటి ప్రోగ్రామే అయిన లోటస్ 1-2-3లోని తప్పుతో పొసగడం కోసం దాన్ని తెలిసే అలా ఉంచారు.) అయితే కంప్యూటరు అమరికలో నెల ముందు ఉండి, మనం రోజు ముందు రాస్తే, 05-04 అన్నది మే 4గా మారిపోతుంది, 13-04 మాత్రం పదమూడో నెల లేదు కనుక తేదీగా మారకుండా వట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. కనిపెట్టడానికి ఒక ఆనవాలు ఉంది. మనం ప్రత్యేకంగా అమర్చకపోతే సంఖ్యలు, తేదీలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే కాలమ్‌లో కొన్ని అటూ కొన్ని ఇటూ ఉన్నాయంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. అందంగా ఉంటుందని నేను అన్నిటినీ గడి మధ్యకు జరిపి, ఆ ఆనవాలును నా చేతులతోనే చెరిపేసుకున్నాను.

ఇక నన్ను కదిలించిన సంఘటన. రచయితల పేర్లను అక్షర క్రమంలో పెట్టాలని ఆ ఒక్క కాలమ్‌ను ఎంచుకుని సార్ట్ నొక్కాను. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటారా అని ఎక్సెల్ అడిగింది. అడిగినదేమిటో సరిగా చదవకుండా, ఎంచుకున్నంతవరకే చాలు అన్నాను. పేర్లు చక్కగా క్రమంలోకి వచ్చాయి, పుస్తకాల పేర్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఒక్క క్షణంలో ప్రతి పుస్తకానికీ వేరే రచయిత వచ్చి కూర్చున్నాడు. అప్పుడే చూసి ఉంటే కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వెళ్ళగలిగేదాన్ని గానీ, ఫైలు భద్రం చేసి మూసేశాక ఆ దారి కూడా మూసుకుపోతుంది. నాలుగు రోజుల కిందటి నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి, పోయింది ఆ నాలుగు రోజుల పని మాత్రమే.

ఆ సాయంత్రం నా వెనుక బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగిని వచ్చి చూసింది. వయసులో నాకంటే చాలా చిన్నది. "మేడం, ఒక మాట చెబితే ఏమీ అనుకోకండి. మూడు వారాలు మౌస్ పక్కన పెట్టండి. వారానికి అయిదు షార్ట్‌కట్‌లు చాలు" అంది. వేగం కోసమేమో అనుకుని, నాకంత తొందరేమీ లేదన్నాను. వేగం కోసం కాదని మొదటి వారంలోనే నాకు తెలిసింది.

మానిటరు అంచున అతికించుకున్న మొదటి వారం చీటీలో ఉన్నవి అటూ ఇటూ తిరగడానికి పనికొచ్చేవి. కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కితే సమాచారం ఎక్కడ ఆగుతుందో అక్కడికి వెళ్ళి నిలబడుతుంది. నేను పుస్తకం పేర్ల కాలమ్‌లో నొక్కితే చివరికి వెళ్ళకుండా 1,112వ వరుస దగ్గర ఆగింది. తర్వాతి గడి ఖాళీ. రిజిస్టరు తెరిచి చూస్తే, ఆ పుస్తకం పేరు నేను నిజంగానే వదిలేశాను. మళ్ళీ నొక్కుతూ పోతే అలాంటివి తొమ్మిది దొరికాయి. మౌస్ చక్రం తిప్పుతూ ఆ వరుసలమీదుగా నేను ఎన్నిసార్లు జారిపోయానో లెక్కలేదు. షార్ట్‌కట్ అన్నది నా చేతికి పని తగ్గించడం కంటే ఎక్కువగా, ఆ పట్టికను ఎక్సెల్ ఎలా చూస్తున్నదో నాకు చూపించింది. నాకు ఒకటిగా కనిపిస్తున్న పట్టిక దాని కంటికి పది ముక్కలు. నా మట్టుకు ఈ ఒక్క మీటల జంట తెలిసినా సగం పని తెలిసినట్టే.

అదే జంటను పొరపాటున ఒక ఖాళీ కాలమ్‌లో నొక్కితే 10,48,576వ వరుసకు, అంటే షీటు అట్టడుగుకు చేరి, నా పట్టిక అంతా మాయమైందని కంగారుపడ్డాను. కంట్రోల్‌తో హోమ్ నొక్కితే మళ్ళీ మొదటికి వచ్చాను. బాణాల జంటకు షిఫ్ట్ కూడా కలిపితే, వెళ్ళినంత మేరా ఎంపిక అయిపోతుంది. వివరాలు నింపేటప్పుడు ప్రతి గడికీ ట్యాబ్ నొక్కుతూ వెళ్ళి చివరన ఎంటర్ నొక్కితే, తర్వాతి వరుసలో మొదలుపెట్టిన కాలమ్ దగ్గరికే వస్తుందన్నది చిన్న విషయమే గానీ, వేలాది వరుసలు ఎక్కించేవారికి అది చాలా పెద్ద ఉపశమనం.

రెండో వారం ఎఫ్2, ఎఫ్4 మీటలతో గడిచింది. గడిలో ఉన్నదాన్ని చెరిపేయకుండా సరిదిద్దడానికి ఎఫ్2. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ మీటలు నొక్కితే తెర వెలుగు, శబ్దం మారుతుంటే వాటితోపాటు ఎఫ్ఎన్ మీటను కూడా పట్టుకోవాలి. ఎఫ్4 అవసరం ఆలస్య రుసుము లెక్కలో తెలిసింది. రోజువారీ రుసుమును హెచ్1 గడిలో ఒక్కచోట రాసి, ఆలస్యమైన రోజులను దానితో గుణించి, ఆ సూత్రాన్ని కంట్రోల్ డితో కిందికి నింపాను. మొదటి వరుస సరిగా ఉంది, మిగతావి సున్నాలు. సూత్రం ఒక్కో వరుస దిగినకొద్దీ హెచ్1 కాస్తా హెచ్2, హెచ్3గా మారుతూ ఖాళీ గడులను గుణిస్తోంది. సూత్రంలో హెచ్1 పక్కన కర్సరు ఉంచి ఎఫ్4 నొక్కితే అక్షరానికీ అంకెకూ ముందు డాలర్ గుర్తులు వచ్చి చేరతాయి. అవి మేకులు కొట్టినట్టు ఆ చిరునామాను కదలకుండా పట్టి ఉంచుతాయి.

మూడో వారంలో నేర్చుకున్నది నా పాత అలవాటుకు విరుగుడు. కాగితం రిజిస్టరులో ప్రచురణకర్త పేరు పైదే అయితే మళ్ళీ రాయకుండా డిట్టో గుర్తు పెడతాం. నేను ఎక్సెల్‌లో కూడా అలాగే వందలాది గడుల్లో డిట్టోలు పెట్టాను. కాగితం మీద చదివేవారు పైకి చూసి అర్థం చేసుకుంటారు. ఎక్సెల్‌లో ప్రతి వరుసా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. ఫిల్టరు పెట్టి ఒక సంస్థ ప్రచురించిన పుస్తకాలు అడిగితే పేరు రాసిన మొదటి పుస్తకం మాత్రమే వచ్చేది. సరిచేసిన పద్ధతి ఇది: కాలమ్‌ను కంట్రోల్ స్పేస్‌తో ఎంచుకుని, కంట్రోల్ హెచ్‌తో డిట్టో గుర్తుల స్థానంలో ఏమీ లేకుండా చేశాను. తర్వాత ఎఫ్5 నొక్కి, స్పెషల్ అన్నదానిలో బ్లాంక్స్ ఎన్నుకుంటే ఖాళీ గడులు మాత్రమే ఎంపికయ్యాయి. సమాన గుర్తు టైపు చేసి, పై బాణం ఒక్కసారి నొక్కి, కంట్రోల్‌తో ఎంటర్ నొక్కాను. వందల గడులు ఒక్కసారిగా తమ పైగడిలోని పేరును తెచ్చుకున్నాయి. అక్కడితో ఆపకూడదు. అవి ఇంకా సూత్రాలే కనుక వరుసల క్రమం మారిస్తే పేర్లూ మారిపోతాయి. అందుకని ఆ కాలమ్‌ను కాపీ చేసి, కంట్రోల్, ఆల్ట్, వి కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో మళ్ళీ వి నొక్కి ఎంటర్ కొడితే విలువలు మాత్రమే మిగిలాయి. రెండు రోజులు పడుతుందనుకున్న పని టీ విరామంలోపు అయిపోయింది.

పట్టిక మొత్తాన్ని కంట్రోల్ టితో టేబుల్‌గా మార్చింది కూడా ఆ వారమే. అలా చేశాక సార్ట్ నొక్కితే వరుసలు చెదరకుండా మొత్తంగా కదులుతాయి, ఒక గడిలో రాసిన సూత్రం కాలమ్ అంతా వ్యాపిస్తుంది. దీన్ని మొదటి రోజే ఎవరైనా చెప్పవలసింది.

అన్నీ నాకు నచ్చలేదు. ఆల్ట్ నొక్కితే మెనూల మీద అక్షరాలు వెలుగుతాయి, వాటిని వరుసగా నొక్కుతూ ఏ పనైనా చేయవచ్చు, కానీ నాలుగేసి అక్షరాలు గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాలేదు. గడి మొదట్లో ఏటవాలు గీత టైపు చేయబోతే కూడా అవే అక్షరాలు వెలిగి నన్ను విసిగించేవి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజికాల్క్ అనే పాత పట్టికల ప్రోగ్రాములోనూ, ఆ తర్వాతి లోటస్‌లోనూ ఆదేశాలన్నీ ఆ గీతతోనే మొదలయ్యేవట. మౌస్ లేని రోజుల నాటి అలవాటును ఎక్సెల్ ఇప్పటికీ మోస్తోంది. ఒకరోజు బాణాలు నొక్కితే గడి కదలకుండా షీటు మొత్తం జరుగుతుంటే మీటలు పాడయ్యాయనుకున్నాను. స్క్రోల్ లాక్ పడి ఉంది. ఇవన్నీ విండోస్‌లోని ఎక్సెల్ సంగతులు. మ్యాక్‌లో చాలావాటికి కంట్రోల్ బదులు కమాండ్ మీట ఉంటుంది, కొన్ని పూర్తిగా వేరు.

మూడు వారాలు ముగిశాక మౌస్‌ను మళ్ళీ బల్ల మీదికి తెచ్చుకున్నాను. కాలమ్ వెడల్పులు సరిచేయడానికి, చార్టులు గీయడానికి ఇప్పటికీ అదే వాడుతున్నాను. మానిటరు అంచున అతికించిన చీటీ మాత్రం తీయలేదు. దాని మీద ఈ వారం రాసుకున్నది ఒక్కటే: సభ్యత్వ సంఖ్యను బట్టి పేరు తెచ్చే వీలుకప్ ఫంక్షన్‌లో చివరన ఫాల్స్ అని రాయడం మరవకూడదు. అది రాయనందుకు మొన్న ఒక సభ్యురాలి పుస్తకాలు మరొకరి పేరు మీద చూపించాయి, ఆ పట్టికను ఇంకా సరిచూస్తున్నాను.