గురి నిలవని జాయ్‌స్టిక్‌ను దారికి తెచ్చుకున్న వైనం

రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాలతో ఆడే కంబాట్ సిమ్యులేటర్‌లో నాకు టేకాఫ్ వచ్చింది, ల్యాండింగ్ వచ్చింది, మేఘాల్లో దారి తప్పకుండా తిరిగి రావడం కూడా వచ్చింది. రానిదల్లా కాల్చడమే. శత్రువు వెనక చేరి 300 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి నా విమానం ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టేది. గన్‌సైట్ అతని తోక మీదికి వచ్చి, ఆగకుండా దాటిపోయేది. సరిచేయబోతే అటువైపు దాటిపోయేది. ఈలోగా అతను పక్కకు తప్పుకునేవాడు.

ఎంత సూక్ష్మమైన పనో లెక్క వేస్తే తెలిసింది. 300 మీటర్ల దూరంలో గురి ఒక్క డిగ్రీ తప్పితే గుండ్లు 5 మీటర్లకు పైగా పక్కకు పోతాయి. ఒంటి ఇంజను ఫైటర్ రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 10 మీటర్లు. మధ్యలోని శరీరం వెడల్పు ఒక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే గురిని డిగ్రీలో అయిదో వంతు లోపల నిలపాలి. టేబుల్ మీది జాయ్‌స్టిక్‌లో అది మణికట్టు కదిలిందో లేదో తెలియనంత కదలిక.

ఇలాంటి సమస్యకు ఎవరిని అడిగినా వచ్చే మొదటి సలహా "కర్వ్ పెట్టు" అని. కర్వ్ అంటే స్టిక్ ఎంత కదిలితే విమానానికి ఎంత ఆదేశం వెళ్లాలో చెప్పే వంపు గీత. వెంటనే తమ అంకెలు కూడా ఇచ్చేస్తారు. ఆ అంకెలు వాళ్ల స్టిక్‌వి, వాళ్ల స్ప్రింగ్‌వి, వాళ్ల కుర్చీవి. అందుకే కర్వ్‌ల పేజీని పక్కన పెట్టి, అసలు నా స్టిక్ కంప్యూటర్‌కు ఏమి చెబుతోందో ముందు చూడాలనుకున్నాను.

విండోస్‌లో రన్ పెట్టెలో 'జాయ్ డాట్ సీపీఎల్' అని కొడితే గేమ్ కంట్రోలర్ల పాత కిటికీ తెరుచుకుంటుంది. అందులో స్టిక్ స్థానం ఒక చిన్న గుర్తుగా కనిపిస్తుంది. స్టిక్‌ను ఎడమకు వంచి మెల్లగా వదిలాను. గుర్తు మధ్యకు కాస్త ఎడమగా ఆగింది. కుడి నుంచి వదిలితే కాస్త కుడిగా ఆగింది. రెంటి మధ్య తేడా మొత్తం కదలికలో రెండు శాతం దాకా ఉంది. ముందుకూ వెనక్కూ కొంచెం మెరుగు. మెలితిప్పితే రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పనిచేసే అక్షం మాత్రం చెయ్యి తీసేసినా ఒకచోట నిలవక సన్నగా వణుకుతోంది.

ఈ వణుకు వెనక కారణం సెన్సర్. చవక రకం స్టిక్‌లలో తరచుగా పొటెన్షియోమీటర్ ఉంటుంది. లోపల ఒక పలుచని పట్టీ మీద చిన్న లోహపు స్పర్శ జరుగుతూ ఉంటుంది. ఆ పట్టీ అరిగినా, దుమ్ము పట్టినా విలువలు ఎగురుతాయి. హాల్ సెన్సర్ ఉన్న స్టిక్‌లలో ఒక అయస్కాంతం కదలికను దూరం నుంచే కొలుస్తారు, కాబట్టి రాపిడీ అరుగుదలా ఉండవు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావమే ఇది. నా స్టిక్‌లో ప్రధాన అక్షాలు రెండూ హాల్, మెలితిప్పేది పొటెన్షియోమీటర్. తయారీదారులు ఎక్కడ పొదుపు చేస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాలిబ్రేషన్ గురించి, అంటే స్టిక్ మధ్య బిందువునూ చివరలనూ కంప్యూటర్‌కు సరిగ్గా చూపించడం గురించి ఒక్క మాట. తయారీదారు సొంత సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో చేయాలి, లేకపోతే విండోస్‌లో. రెండుచోట్లా చేస్తే ఒక దిద్దుబాటు మీద మరో దిద్దుబాటు పడి, ఏది ఎక్కడ వంకరపోయిందో తేల్చడం కష్టమవుతుంది. నేను విండోస్‌లోని దాన్ని తొలిస్థితికి మార్చి, స్టిక్ సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను.

తర్వాత ఆటలోకి వెళ్లి అక్షాల పట్టిక తెరిచాను. పిచ్ (ముక్కు పైకీ కిందికీ కదలడం) అనే వరుసలో నా స్టిక్‌తో పాటు ఇంజను శక్తిని మార్చే థ్రాటిల్ మీదున్న బొటనవేలి చిన్న స్టిక్ కూడా కూర్చుని ఉంది. కొత్త పరికరం తగిలించినప్పుడల్లా దానికి తోచిన అక్షాలు తగిలించేయడం ఆ ఆటకు అలవాటు. ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక ఎలివేటర్‌కు రెండు చేతులు ఆదేశాలిస్తుంటే ముక్కు నిలకడగా ఎలా ఉంటుంది? అదనపు కేటాయింపులన్నీ తుడిచేశాను. ఊగడం కొంత తగ్గింది కానీ పోలేదు.

డెడ్‌జోన్ వంతు వచ్చింది. ఇది మధ్యలో కొంత భాగాన్ని చచ్చిన నేలగా ప్రకటించడం: అక్కడ స్టిక్ కదిలినా విమానం పట్టించుకోదు. ప్రయాణికుల విమానాలు నడిపేవాళ్లకు ఇది హాయి. వెంటాడి కాల్చేవాడికి శత్రువు. గురిని నిలిపే ప్రయత్నంలో చెయ్యి మధ్య బిందువును అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది. దాటిన ప్రతిసారీ ఆ చచ్చిన నేల అడ్డం వస్తుంది. తోస్తాం, ఏమీ జరగదు, ఇంకాస్త తోస్తాం, ఒక్కసారిగా జరుగుతుంది. ఊగడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు మరొకటి లేదు. అందుకని కొలిచి చూసిన తేడాకు సరిపడా మాత్రమే ఉంచాను: రోల్‌కు (విమానం రెక్కలు పక్కలకు వాలడం) 2, పిచ్‌కు 1. వణికే రడ్డర్‌కు 6 ఇవ్వక తప్పలేదు. స్టిక్‌ను గట్టిగా లాగేటప్పుడు మణికట్టు తెలియకుండానే కొద్దిగా మెలి తిరుగుతుంది, దానికీ ఈ 6 అడ్డుకట్ట.

సాచురేషన్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో ఇది ఎక్స్, వై అని రెండుగా ఉంటుంది. ఎక్స్ తగ్గిస్తే స్టిక్ చివరిదాకా వెళ్లకముందే పూర్తి ఆదేశం అందుతుంది. స్టిక్ 100 శాతం చూపలేకపోతున్నప్పుడు పనికొస్తుంది. వై తగ్గిస్తే స్టిక్ చివరిదాకా వెళ్లినా పూర్తి ఆదేశం అందదు. సున్నితత్వం తగ్గించడానికి వై తగ్గించేవాళ్లున్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కావలసిన చివరి పది శాతాన్ని ముందే వదులుకోవడం నాకు ఇష్టం లేదు. రెండూ 100 దగ్గరే ఉంచాను.

ఇక కర్వ్. ఇది ఉచితంగా ఏమీ ఇవ్వదన్న సంగతి చాలామంది గమనించరు. స్టిక్ కదలికను 0 నుంచి 1 దాకా ఉండే సంఖ్య అనుకుందాం. అందులో 80 శాతాన్ని ఉన్నది ఉన్నట్టుగా, మిగిలిన 20 శాతానికి ఆ సంఖ్య ఘనాన్ని తీసుకుని కలిపితే ఒక మామూలు కర్వ్ వస్తుంది. అన్ని ఆటల సూత్రమూ ఇదే కాకపోవచ్చు గానీ స్వభావం ఇదే. స్టిక్ పదో వంతు కదిలితే ఎలివేటర్ 8 శాతమే కదులుతుంది. సగం కదిలితే 42.5 శాతం. చివరిదాకా వెళితే మామూలుగానే 100. మధ్యలో వేగం 0.8 రెట్లకు తగ్గింది. అలా మిగుల్చుకున్నదంతా చివర్లో తీర్చాలి కాబట్టి అక్కడ వేగం 1.4 రెట్లకు పెరిగింది. అదే 20కి బదులు 50 పెడితే మధ్యలో సగానికి తగ్గి, చివర రెండింతలవుతుంది.

ఆ చివర ఏముంటుంది? బిగుతైన మలుపు ఉంటుంది, దాని పక్కనే స్టాల్ ఉంటుంది. శత్రువుతో కలిసి గుండ్రంగా తిరిగేటప్పుడు రెక్కలు గాలి పట్టు వదిలే అంచు మీద విమానాన్ని నిలపాలి. కర్వ్ నిటారుగా ఉంటే ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ లాగినా విమానం వణికి రెక్క వాలిపోతుంది. గురి కోసం మధ్యలో కొన్న నిదానానికి మలుపులో మూల్యం చెల్లించాలన్న మాట. ఎక్కువ కర్వ్ పెట్టి సంతోషించేవాళ్లు సాధారణంగా వెనక నుంచి వచ్చి ఒక్క దెబ్బ కొట్టి వెళ్లిపోయే రకం. తిరిగి తిరిగి పోరాడేవాళ్లకు సరళరేఖకు దగ్గరగా ఉండేదే నయం.

2001లో వచ్చిన తొలి ఐఎల్-2 స్టుర్మోవిక్ ఆటలో ఈ పని మరింత చేతిపనిగా ఉండేది. ఒక్కో అక్షానికి పది స్లైడర్లు, దేని విలువ దానిదే. పక్కపక్కన ఉన్న రెండు స్లైడర్ల మధ్య పెద్ద అంగ వేస్తే ఆ అతుకు దగ్గర విమానం ఉలిక్కిపడేది. ఇప్పటి ఆటల్లో ఒకే నున్నని వంపు ఇవ్వడం వల్ల ఆ బెడద తగ్గింది.

నేను పరీక్షించిన పద్ధతి ఇది. ఒకే విమానం, ఒకే ఇంధనం, ఒకే ఎత్తు, ఒకే వేగం. ఇంధనం మారితే బరువు మారుతుంది, కొన్ని విమానాల్లో గరిమనాభి కూడా జరుగుతుంది, అప్పుడు మారింది సెట్టింగా విమానమా అన్నది తెలియదు. ముందు తిన్నగా ఎగిరే మిత్ర విమానాన్ని పెట్టుకుని 300 మీటర్ల వెనక చేరతాను. గన్‌సైట్‌ను ఎడమ రెక్క చివర నిలిపి, అక్కడి నుంచి కుడి రెక్క చివరకు తీసుకెళ్లి ఆపుతాను. తర్వాత తోక నుంచి కిందికి, మళ్లీ పైకి. దాటిపోకుండా ఆగుతోందా అన్నదొక్కటే చూస్తాను. ఆగకపోతే పిచ్ కర్వ్‌ను అయిదు పెంచి మళ్లీ చేస్తాను. రెండు అక్షాలను ఒకేసారి ముట్టుకోను. విసుగు పుట్టించే పనే, అయినా డాగ్‌ఫైట్ మధ్యలో సెట్టింగును అంచనా వేయడం కన్నా చాలా తొందరగా తేలుతుంది.

ఈ దశలో ధైర్యం చెప్పింది అమెరికా యుద్ధవిమానం ఎఫ్-16 చరిత్ర. 1974 జనవరి 20న ఎడ్వర్డ్స్ స్థావరంలో వైఎఫ్-16 నమూనాను రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూస్తున్నారు. ఎగరాలన్న ఉద్దేశం లేదు. విమానం పక్కలకు ఊగడం మొదలైంది, తోక రెక్క నేలకు తగిలింది. విమానం రన్‌వే మీది నుంచి పక్కకు పోతుండటంతో టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రిచర్ దాన్ని గాల్లోకి లేపడమే క్షేమమనుకుని లేపి, కొద్ది నిమిషాలు తిప్పి దింపారు. రోల్ ఆదేశాల సున్నితత్వం నేలకు దగ్గరలో మితిమీరి ఉందని తేలింది, దాన్ని తగ్గించారు. అధికారిక తొలి ప్రయాణం ఫిబ్రవరి 2న జరిగింది. ఆ విమానంలో మొదట పెట్టిన స్టిక్ అసలు కదిలేదే కాదు, చేతి ఒత్తిడిని మాత్రమే కొలిచేది. తర్వాత పైలట్ల కోసం దానికి కొన్ని మిల్లీమీటర్ల కదలిక ఇచ్చారు. మనిషి సరిచేయబోయి ఊగడాన్ని పెంచే ఈ జబ్బును అసలు విమానాల ఇంజినీర్లు కూడా అంకెలు మార్చే నయం చేశారు.

పిచ్ కర్వ్ 25కు చేరాక ముక్కు దాదాపు నిలిచింది. కానీ మలుపుల్లో స్టాల్‌లు పెరిగాయి, చెప్పుకున్న మూల్యమే. అప్పుడు ట్రిమ్ వైపు, అంటే స్టిక్‌ను తోసి పట్టుకోకుండానే ముక్కును ఒకచోట నిలిపే సర్దుబాటు వైపు చూశాను, అసలు మేలు అక్కడ దొరికింది. వేగంగా వెళ్లేటప్పుడు విమానం ముక్కు పైకి లేస్తుంటే, దాన్ని కింద ఉంచడానికి నేను స్టిక్‌ను నిరంతరం కొద్దిగా ముందుకు తోసి పట్టుకుంటున్నాను. స్ప్రింగ్‌తో పోరాడుతున్న చేతికి సూక్ష్మత ఎక్కడిది? పైగా కర్వ్‌లోని మెత్తని మధ్యభాగాన్ని దాటి పక్కన పనిచేస్తున్నాను. నిజమైన విమానంలో ట్రిమ్ మార్చితే స్టిక్ కొత్త చోట తనంతట తాను నిలుస్తుంది. మన స్ప్రింగ్ స్టిక్ ఎప్పుడూ మధ్యకే వస్తుంది. కాబట్టి ట్రిమ్‌ను కీబోర్డు మీద వదిలేయకుండా బొటనవేలికి అందే హ్యాట్ అనే చిన్న మీట మీదికి తెచ్చి, దాడికి దిగేముందు ఆ వేగానికి సరిచేసుకోవడం అలవాటు చేసుకున్నాను. దాంతో పిచ్ కర్వ్ 15కు దిగింది, రోల్‌కు 10 చాలింది.

విమానానికో కర్వ్ పెట్టుకునే వీలు కొన్ని ఆటల్లో ఉంది. స్పిట్‌ఫైర్ ఎలివేటర్ వేలితో తోస్తే కదిలేంత తేలిక, మెసర్‌ష్మిట్ 109ది వేగం పెరిగేకొద్దీ రాయిలా బిగుసుకుంటుంది. ఈ తేడాను చెరిపేసే కర్వ్‌లు నాకు అక్కర్లేదు. తేడాను అనుభవించడానికే కదా ఇన్ని విమానాలు. అన్నింటికీ ఒకే కర్వ్ ఉంచాను, చేతికి అదే అలవాటైంది.

తెర బయట చేసిన మార్పు ఒకటుంది. పట్టు పిడి కీలు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి 20 డిగ్రీలు వంగితే, చెయ్యి ప్రయాణించేది ఒక్కో వైపు సుమారు 5 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల పొడిగింపు గొట్టం వేస్తే అది 8.5 అవుతుంది. కర్వ్ లాగా చివర్లో వడ్డీ అడగని సూక్ష్మత ఇది. నాకు ఆ గొట్టం బిగించే ఏర్పాటు లేదు కాబట్టి స్టిక్‌ను టేబుల్ పైనుంచి దించి, కుర్చీ చేతికి పక్కగా, మోచెయ్యి ఆనేలా బిగించాను. సూదిలో దారం ఎక్కించేవాళ్లు మోచేతిని దేనికో ఒకదానికి ఆనించుకుంటారు కదా, అంతే.

రెండు చిన్న జాగ్రత్తలు. అన్నీ కుదిరాక సెట్టింగుల ఫోల్డర్‌ను కాపీ చేసి వేరేచోట దాచాను. ఆట కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పాతవి తుడిచిపెట్టుకుపోవచ్చు. స్టిక్, థ్రాటిల్ తీగలు ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉన్నాయో వాటినే కదపకుండా ఉంచుతున్నాను, రంధ్రం మారితే వాటిని కొత్త పరికరాలుగా లెక్కించే ఆటలున్నాయి.

రడ్డర్ మాత్రం ఇంకా నాకు లొంగలేదు. గురిలో చివరి చిన్న సవరణ తరచుగా రడ్డర్‌తోనే చేయాలి. వేగం మారితే ముక్కు పక్కకు జారుతుంది, పైగా 109లో గాల్లో ఉండగా మార్చుకునే రడ్డర్ ట్రిమ్ లేదు. మెలితిప్పే అక్షానికి కర్వ్ 30 పెట్టి నెట్టుకొస్తున్నాను. కాలి పెడల్స్ తెచ్చుకున్న రోజున ఆ అక్షాన్ని పట్టికలోంచి తీసేసి, స్టిక్ అడుగున ఉన్న మరతో మెలి తిరగకుండా బిగించేస్తాను.