కిల్లో సుక్రు, పదో తరగతి బి సెక్షన్

మన పాత విద్యార్థుల మీట్ కోసం వ్యాసం ఇమ్మని కమిటీవాళ్ళు దసరా నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మొన్న మన క్లాసు పీత, డీజిల్ ఏకంగా మర్రిపాలెం క్వార్టర్స్‌కే వచ్చి కూర్చున్నారు. అరకిలో అంటే నేనేనని మన 1991 బ్యాచ్‌కి చెప్పక్కర్లేదు. మీరు ఆ పేరుతో పిలిస్తే నాకెప్పుడూ బాధ లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు "కిలో ఎంతరా?" అన్నప్పుడే మనసు చివుక్కుమనేది. మా ఇంట్లో కిల్లో అంటే పులి గోత్రం.

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా వదిలేస్తున్నాను. నాకు బడి అంటే సోషల్ మాస్టారే, అందులోనూ టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్షకి పంపే పేర్ల జాబితా) రాసిన రోజే.

ఆఫీసులో ఒకాయన "ఈ పేరుతో రేపు ఉద్యోగం ఎవరిస్తారు? సురేష్ కుమార్ అని రాసేద్దాం" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. మాస్టారు ఆ కాగితం పక్కన పెట్టించి మా ఊరికి కార్డు రాశారు. నాన్న కిరండూల్ పాసింజర్‌లో వచ్చి, భుజాన తువ్వాలుతో గుమ్మం బయటే నిలబడిపోయాడు. మాస్టారు లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. తాను బల్లకి ఆనుకుని నిలబడి "ఈ పేరు ఎవరు పెట్టారండీ?" అని అడిగారు. నాన్న మా ఒడియాలో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. "శుక్రవారం పుట్టాడు, మా అయ్య కూడా సుక్రే" అని. మాస్టారు అంతటితో ఆగలేదు. కొర్రా అంటే సూర్యుడని, పాంగి గద్ద అని, వంతల పాము అని, గొల్లోరి కోతి అని, ఒకే గోత్రంవాళ్ళు అన్నదమ్ములే కాబట్టి పెళ్ళిళ్ళు చేసుకోరని అన్నీ చెప్పించుకున్నారు. అప్పుడు పెన్ను తీసి గడికో అక్షరం రాశారు. "కిల్లోకి రెండు ఎల్‌లు. ఒకటే వేస్తే తూకంరాయి అయిపోతుంది" అన్నారు. నాన్నకి చదువు రాదు. అయినా చివరి గడి నిండేదాకా ఆ పెన్ను మీంచి చూపు తిప్పలేదు.

ఆ పేరుతోనే రైల్వే పరీక్ష రాశాను. నాన్న ఎక్కి వచ్చిన లైన్ మీదే ఇప్పుడు లోకో పైలట్‌ని, ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి నుంచి ఇనుప ఖనిజం బండ్లు విశాఖకి దింపుతాను. మా అమ్మాయి సోంబారి ఆంధ్ర మెడికల్ కాలేజీలో మూడో సంవత్సరం. ఇంట్లో ఒడియానే మాట్లాడతాం. 2022లో మా అరకు అల్లూరి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా ఏదైనా చైత్రంలో ఇటుకల పండక్కి, అంటే మా వేట పండక్కి, సెలవు పెట్టి ఊరెళ్ళాల్సిందే.

డీజిల్ మీట్‌లో థింసా పెడదామంటున్నాడు. ఎనిమిదో తరగతి వార్షికోత్సవంలో ఈకలు, ఆకులు కట్టించి మనతో గెంతించింది థింసా కాదు. మా ఆడవాళ్ళు చీరకట్టుతో, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, అడుగులో అడుగేసి ఆడే ఆట అది. ఈసారి ఆడేవాళ్ళూ, మోరి, కిరిడి, తుడుము వాయించేవాళ్ళూ మా ఊరి నుంచే వస్తారు. వాళ్ళకి బస, భోజనం కమిటీ చూడాలి. రికార్డు పాట మాత్రం పెట్టొద్దు.