ప్రార్థన తర్వాత పని: బీదవారికి కప్పు వేయాలంటే

యెషయా 58:7 ఉపవాసం గురించి మాట్లాడుతూనే దిక్కులేని బీదలను ఇంట చేర్చుకోమంటుంది. సంఘం చందాలు పోగుచేసి ఒక కుటుంబానికి ఇల్లు కట్టించాలనుకుంటే, పునాది కంటే ముందు చూడాల్సింది స్థలం కాగితాలు. హక్కు ఆ కుటుంబం పేరున లేకపోతే కొత్త గోడలతో లాభపడేది స్థలం యజమానే.

1976లో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే క్రైస్తవ గృహనిర్మాణ సంస్థ తొలినుంచీ ఇల్లు ఊరికే ఇవ్వలేదు. కుటుంబం కూడా ఇల్లు కట్టే పనిలో చెయ్యి వేయాలి, లాభం వేసుకోని అప్పును నెలనెలా తీర్చాలి. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండము 22:25కు ఇది సరిపోయే పద్ధతి.

కట్టడంలో అసలు చిక్కంతా కప్పు రేకుల దగ్గరే. కొత్త వాలంటీర్లు స్క్రూలను రేకు పల్లంలో బిగిస్తారు. నీళ్లు పారేది అక్కడే, ఇక కారకుండా ఎలా ఉంటుంది? గట్టు మీదే, రబ్బరు వాషర్‌తో బిగించాలి, అదీ వాషర్ నలిగిపోయేంతగా కాదు. పై రేకు కింది రేకు మీదికి కనీసం 150 మి.మీ. ఎక్కాలి, వాలు తక్కువైతే ఇంకా ఎక్కువ. గాలి ముందు లేపేది చూరు అంచునే కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి.

సిమెంటు పనికి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. ఎవరు కొడతారో ముందే పేర్లు రాసుకోండి. శంకుస్థాపన ఫొటోకు వచ్చినంతమంది దీనికి రారు.