ఐదు లక్షల కాసులు

అమెరికాలో బోయిసీ నుంచి బేకర్ సిటీ దాకా చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒరెగాన్‌లో గడియారం గంట వెనక్కి తిరిగితే, అలా మిగిలిన గంటను ఏడో నంబరు రోడ్డు మలుపులు తినేశాయి. సంప్టర్ దగ్గర పడుతుండగా అమ్మ, “ఇక్కడెవరో కంకర క్వారీ పెట్టినట్టున్నారే” అంది. రోడ్డు పక్కనంతా రాళ్ల గుట్టలే. క్వారీ కాదు, బంగారం కోసం పౌడర్ నది లోయనే బోర్లించి వదిలేశారు.

ఆ పని చేసిన 1,240 టన్నుల డ్రెడ్జర్, అంటే నీళ్లలో తేలుతూ తవ్వే యంత్రం, ఊళ్లో ఇంకా తన గుంటలోనే ఉంది. చూడటానికి పడవే గాని, నదిలో తిరిగింది కాదు. ముందు తవ్వుకుంటూ, వెనక పూడ్చుకుంటూ, గుంటను వెంటబెట్టుకుని లోయంతా నడిచింది. గొలుసుకు 72 బకెట్లు, ఒక్కోటి టన్ను బరువు. అవి తోడిన మట్టిని లోపల తిరిగే పెద్ద గొట్టం జల్లెడ పడుతుంది. సన్నటిది నీళ్లతో జారితే బంగారం అడుగున నిలుస్తుంది. రాళ్లు బెల్టు ఎక్కి వెనక గుట్టపడతాయి. అంటే పైమట్టి కిందికి, అడుగు రాళ్లు పైకి. డెల్టాలో వరి పండించే ఇంట పుట్టినవాణ్ణి, చూస్తుంటే ఒళ్లు మండింది.

అమ్మది వేరే గోల. “మొత్తం ఎంత దొరికిందిరా?”

మొదటి యంత్రం 1913లో, రెండోది 1915లో దిగాయి. 1924కల్లా రెండూ ఆగిపోయాయి. 1934లో ప్రభుత్వం ఔన్సు ధరను 20.67 డాలర్ల నుంచి 35కు పెంచితే, మరుసటి ఏడే ఈ మూడోది తయారైంది. యుద్ధంలో కొన్నేళ్లు ఆపించినా, 1954 దాకా 45 లక్షల డాలర్ల బంగారం తీసింది. అమ్మ నా ఫోను లాక్కుంది. ఔన్సులు చేశాం, గ్రాములు చేశాం, ఎనిమిదితో భాగించాం. దాదాపు ఐదు లక్షల కాసులు!

ఖర్చులు పెరిగినా ధర 35 దగ్గరే ఉండిపోవడంతో మూతపడిందంటే అమ్మ నమ్మలేదు. “లెక్కలు దాచి ఉంటారు.”

మధ్యాహ్నం రెండు చీజ్ శాండ్‌విచ్‌లకు, ఆలుగడ్డ వేపుళ్లకు 34 డాలర్లు వదిలాయి. ఇంకో డాలరు వేస్తే ఆనాటి ఔన్సు బంగారం. ఆ రొట్టెలో ఉప్పు కూడా లేదు.

తిరుగుదారిలో అమ్మ కారు ఆపించింది. గుట్టలోంచి నున్నటి రాయి తీసి, అరచేతిలో బరువు చూసి, “మన రోటికి పొత్రంలా పనికొస్తుంది” అంది. విమానంలో సామాను బరువు ఇప్పటికే ఎక్కువైందన్నాను. రాయి కింద పెట్టింది గాని, కారెక్కలేదు. పక్క రాళ్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది.